ఎండ వంతుల గొలుసు

సోమవారం

పాత ప్రోగ్రాం ఇవాళ పూర్తిగా చతికిలబడింది. పైన బతకలేక ఈ బొగ్గు బాయిలోకి దిగి ఉంటున్న అందరి పేర్లనూ ఒకే వరసలో పెట్టుకుని, ఎవరి ఎండ వంతు చూడాలన్నా మొదటి నుంచి చివరిదాకా వెతుకుతుంది అది. పొద్దు పొడిచే గంట కొట్టినా ఇవాళ్టి పేర్లు తేలలేదు. మా ఆయన ఓదెలు, మనుషుల్ని పైకి తీసుకెళ్ళే కేజ్ దగ్గర నిలబడి, పేర్లు రాక, ఎవరినీ ఎక్కించలేదు. పైన మనిషి తట్టుకోగలిగే ఎండ ఉండేదే కాసేపు. అది కాస్తా వృథా అయింది.

కమిటీ పెద్ద రాజేశమన్న నా గదికి వచ్చాడు. "స్వరూపా, ఇగ దీన్ని బాగుజేసుడు వద్దు. కొత్తది రాయి. ఏం రాస్తున్నవో ఏం మారుస్తున్నవో రోజుకింత కాయితం మీద వెట్టు. రేపు నీకు జరమొచ్చి పండుకుంటే మాకు తెల్వాలె గద" అన్నాడు.

అందుకే ఈ రాత.

బుధవారం

మా మిషన్ల మీద నడిచే ప్రోగ్రాం భాష జావా ఒక్కటే. అందులోనే మొదలుపెట్టాను.

ఈసారి ఒక్క వరస కాదు, గొలుసులో గొలుసు. బాయిలో మనుషులుండే ప్రతి అంతస్తూ, అంటే ప్రతి గ్యాలరీ, ఒక కడియం. దానికి రెండు కొక్కేలు. ఒకటి తన కింద ఉన్న గ్యాలరీని పట్టుకుంటుంది. రెండోది తన మనుషుల్లో మొదటివారిని పట్టుకుంటుంది. ఆ మనిషి పక్క మనిషిని, ఆ పక్క మనిషి మరో మనిషిని. గ్యాలరీలు లోతును బట్టి వరసలో ఉంటాయి. మనుషులు చివరిసారి ఎండ చూసిన తేదీని బట్టి ఉంటారు, పాత తేదీ ఉన్నవాళ్ళు ముందు. ఎండ చూసి దిగినవాళ్ళను వరసలోంచి తీసి, ఆనాటి తేదీ వేసి, మళ్ళీ వాళ్ళ చోట్లో చేర్చాలి. ఎప్పుడు చూసినా వరస సర్దుకునే ఉండాలి, ఎవరూ కూర్చుని సర్దక్కర్లేదు. పొద్దున ప్రోగ్రాం ఒక్కో గ్యాలరీ ముందున్నవాళ్ళను చూసి, అందరికంటే పాత తేదీ ఉన్నవాళ్ళను పిలుస్తుంది.

రాస్తుంటే ఎంత బాగుందో. చాలాకాలం తర్వాత తిండి మరిచిపోయి పని చేశాను.

పూర్ణ నా పక్కనే బల్ల మీద కాళ్ళు చాపి కూర్చుంది. నా కూతురి మోకాళ్ళు బయటికి వంగుతున్నాయి. మందు లేదు, ఎండే మందు అని డాక్టర్ తబస్సుమ్ పోయిన నెల చెప్పింది.

శనివారం

పాత రిజిస్టర్ ముందు పెట్టుకుని గ్యాలరీలను పై నుంచి కిందికి ప్రోగ్రాంలోకి ఎక్కించాను. ఒక్కొక్కటీ గొలుసు చివర చేరింది. అట్టడుగు గ్యాలరీ ఆఖరుది. అడవి ఊళ్ళ నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళందరినీ కమిటీ అక్కడే సర్దింది. బాయి మొత్తంలో ఇరుకైనదీ, జనం ఎక్కువున్నదీ అదే. ఆ పేర్లు కొట్టేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి.

పరీక్షించాను. మొదట చేర్చి చూశాను, చివర చేర్చి చూశాను. రెండూ సరిగ్గా వచ్చాయి. రేపటి నుంచి గంటలు కొత్త ప్రోగ్రాం కొడుతుంది.

మంగళవారం

కొత్త ప్రోగ్రాం నడుస్తోంది. ఏ గ్యాలరీలో గంట మోగితే అక్కడి వాళ్ళు కేజ్ దగ్గరికి వస్తున్నారు, ఓదెలు తన తెర మీది పేర్లు చూసి ఎక్కిస్తున్నాడు. గొడవలు లేవు, తోపులాట లేదు.

అట్టడుగుకు కొంచెం పైన కొత్తగా తవ్విన గ్యాలరీ ఇవాళ తెరిచారు. కొత్తగా పెళ్ళయిన కొన్ని జంటలు అందులోకి మారాయి. దాన్నీ గొలుసులో చేర్చాను. లోతు చూసుకుని తన చోట్లో తనే కూర్చుంది. వరస పెట్టిన గొలుసు కదా, నేను చోటు చూపించే పని లేకపోయింది. కాస్త గర్వపడ్డాను కూడా.

రోజులు బాగున్న ఒక శుక్రవారం

వంతులు త్వరగా వస్తున్నాయి. మేమే నమ్మలేకపోతున్నాం. ఇంతకుముందు పూర్ణకు ఒకసారి ఎండ దొరికితే మళ్ళీ ఎప్పుడో. ఇప్పుడు పోయినసారి కమిలిన ముక్కు మీద చర్మం ఊడకముందే మళ్ళీ గంట మోగింది. భోజనాల హాల్లో ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుంటున్నారు. "స్వరూపక్కా, నీ మిషను సల్లగుండ" అని ఒకామె నా కంచంలో తన బెల్లం ముక్క వేసింది.

పాత ప్రోగ్రాం ఎన్ని ఉదయాలు తగలేసిందో అని రాజేశమన్నతో అన్నాను. అదే కారణమని నేనూ అనుకుంటున్నాను. ఇంకెక్కడా వెతకలేదు.

ఆదివారం

అన్నం తింటూ ఓదెలు చెప్పాడు.

"అట్టడుగోళ్ళు రోజూ కేజ్ కాడికి వస్తున్నరు. మమ్మల్నెందుకు పిలుస్తలేరని అడుగుతున్నరు. ఇయ్యాల ఒక ముసలామె ఇనుప సువ్వ ఊతం పట్టుకుని నిలవడ్డది, ఎంత జెప్పినా పోదు. పేరు లేనిది ఎట్ల ఎక్కిచ్చుడు?"

"తెర మీద పేరు రాకుంటే వంతు రానట్టే గద" అన్నాను. "వాళ్ళది జనం ఎక్కువ. ఆలస్యమైతది."

"గంతే అంటవా?"

"గంతే."

నేను పూర్ణకు రెండోసారి అన్నం పెట్టాను.

తర్వాత చేర్చింది: ఈ మాటలు వెనక్కి తిప్పి చదివితే చెరిపెయ్యాలనిపిస్తుంది. కానీ చెరిపెయ్యను.

గురువారం

కమిటీ నాకు బహుమతి ఇచ్చింది. మా ఇంటికి ఒక ఉదయం అదనపు ఎండ. రాజేశమన్న అందరి ముందూ నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. ముగ్గురం కలిసి పైకి వెళ్ళాం. ఎప్పుడూ కూర్చునే ఇనుప జాలీ కప్పు నీడలో కాకుండా ఆరుబయట కూర్చోనిచ్చారు. పూర్ణ మట్టిలో బొమ్మలు గీసింది. గోడ పట్టుకోకుండా నాలుగు అడుగులు వేసింది. ఓదెలు ఏడ్చాడు.

మరుసటి సోమవారం

అట్టడుగు గ్యాలరీ సర్దార్ భీంరావు ఇవాళ నా గదికి వచ్చాడు. మెట్లన్నీ ఎక్కి వచ్చినట్టున్నాడు, ద్వారం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మా గంట మోగి శానా దినాలాయె. పైన దుమ్ము లేసిందనుకున్నం. దుమ్మున్నప్పుడు ఎవలనూ పిలువరు గద. కానీ మొన్న భోజనాల కాడ మీ పోరగాండ్ల ముక్కులు జూసిన. ఎండకు కమిలి పొట్టు లేస్తున్నయ్. మీరంత పోతనే ఉన్నరు. మా పేర్లు ఏడున్నయో ఒక్కసారి సూపెట్టు."

"చూపిస్తనే, భీంరావన్నా" అని గొలుసు మొదటి కొన నుంచి నడిపించాను. పై గ్యాలరీ, దాని కింది గ్యాలరీ, దాని కిందిది. కొత్తది వచ్చింది. దాని మనుషులు వచ్చారు. ఆ తర్వాత తెర ఆగిపోయింది.

కొత్త గ్యాలరీ తర్వాత ఏమీ లేదు.

నాకు అప్పటికప్పుడే అర్థమైంది. గొలుసు మధ్యలో కొత్త కడియం పెట్టేటప్పుడు రెండు పనులు చెయ్యాలి. కొత్తది తన కింద ఉన్నదాన్ని పట్టుకోవాలి. పైనున్నది పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోవాలి. నేను రెండోది రాశాను, మొదటిది రాయలేదు. మొదట చేర్చే పని వేరేగా రాశాను, అది సరిగ్గానే ఉంది; చివర చేర్చినప్పుడు కింద ఏమీ ఉండదు కాబట్టి ఆ తప్పు ఎప్పుడూ బయటపడలేదు. మధ్యలో చేర్చింది ఆ మంగళవారం ఒక్కసారే. ఆ ఒక్కసారికే అట్టడుగు గ్యాలరీ పట్టుకునే కొక్కెం లేక జారిపోయింది. ఎవరూ పట్టుకోనిదాన్ని జావా చెత్తగా లెక్కేసి ఊడ్చేస్తుంది. ఆ సాయంత్రం ప్రోగ్రాం మిగిలిన గొలుసును డిస్కు మీద రాసుకుంది, పాత రాతపైనే.

వంతులు ఎందుకు త్వరగా వచ్చాయో కూడా అప్పుడే తెలిసింది. జనం ఎక్కువున్న గ్యాలరీ వరసలో లేదు. మేము తిన్నది వాళ్ళ ఎండ.

"ఏందమ్మా, ఉన్నయా?" అన్నాడు భీంరావు. తెర అతనికి కనపడకుండా నేను కొంచెం జరిగి కూర్చున్నానని అప్పుడే గమనించుకున్నాను.

"మిషన్ల చిన్న చిక్కు వడ్డదన్నా. సరిజేస్త. రేపో ఎల్లుండో మీ గంట మోగుతది."

అతను రెండు చేతులూ జోడించాడు. నేను వద్దనలేదు.

మంగళవారం

ఇవాళ చేసింది రాస్తున్నాను.

తెగిన చోట సరిచేశాను. ఒక్క వాక్యం. పాత రిజిస్టర్ తెచ్చి అట్టడుగు గ్యాలరీ పేర్లన్నీ మళ్ళీ కొట్టాను. ప్రతి పేరు పక్కనా ప్రోగ్రాం అడిగింది, చివరిసారి ఎండ చూసిన తేదీ ఏమిటని.

నిజం తేదీలు వేస్తే వాళ్ళందరూ వరసలో అందరికంటే ముందుకు వస్తారు. మిగతా బాయి అంతా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని అడుగుతారు. చెప్పాలి. పూర్ణ వంతు కూడా ఆగుతుంది. నిన్న ఆ పిల్ల నా వేలు వదిలి హాలు ఆ చివరిదాకా నడిచింది.

ఇవాళ్టి తేదీ వేశాను. అందరికీ. వాళ్ళంతా ఈ పొద్దునే ఎండ చూసి దిగినట్టు.

వరస సరిగ్గా కుదిరింది. వాళ్ళందరూ చివర కూర్చున్నారు.

ఆదివారం

అట్టడుగు గ్యాలరీ వంతు కొన్నాళ్ళలో వస్తుందని భీంరావుకు కబురు పంపించాను. వాళ్ళు సంతోషించారట. ఓదెలు చేతికి ఒక బుట్ట ఇచ్చి పంపారు. చీకట్లో వాళ్ళు పెంచుకునే పుట్టగొడుగులు, తడిగుడ్డ కప్పి. "మీ ఇంటామెకు ఇయ్యుమన్నరు. మా పేర్లు ఎతికి వట్టిందట గద అన్నరు" అన్నాడు ఓదెలు. బుట్ట నా ముందు పెట్టి నా ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"వండవా?"

"నాకు ఆకలైతలేదు."

"స్వరూపా, ఏమైంది చెప్పు."

చెప్పాను. కొత్త గ్యాలరీ దగ్గర తెగిన గొలుసు నుంచి నేను వేసిన తేదీలదాకా. అతను గోడకు ఆనుకుని నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"అంటే నేను రోజూ ఎల్లగొట్టింది..." అని ఆగిపోయాడు. తన చేతులు చూసుకుంటూ, "ఆ ముసలామెను భుజం వట్టుకుని వెనుకకు మళ్ళేసిన. నీ పేరు లేదు పోవే అన్న" అన్నాడు.

"నీ తప్పేం లేదు."

"మరి నువ్వు తప్పు తేదీలెందుకు ఏసినవ్?"

పూర్ణ వైపు చూశాను. అతనూ చూశాడు. పుట్టగొడుగులు పక్క గదివాళ్ళకు ఇచ్చేశాను. వాళ్ళు రుచిగా ఉన్నాయన్నారు.

బుధవారం

డాక్టర్ తబస్సుమ్ కట్టు గుడ్డల కోసం మనిషిని పంపింది. అట్టడుగు గ్యాలరీలో జంగుబాయి అనే ఆమె నీళ్ళ బిందె ఎత్తబోయి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. పడలేదట. ఎత్తబోయింది, అంతే. కట్టు గుడ్డలు పట్టుకుని నేనే దిగాను.

అంత కిందికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. టోపీ లైటు వెలుగులో ఎక్కడ చూసినా పడుకున్నవాళ్ళే కనిపించారు. పగటిపూట అంతమంది ఎందుకు పడుకున్నారని అడిగాను.

డాక్టరమ్మ కట్టు కడుతూ తల ఎత్తకుండా చెప్పింది. "నడుములు నొప్పంటున్నరు. నిలబడితే ఎముకల్లోపలికెళ్ళి సలుపుతదంటున్నరు. ఎండ లేక గుల్లబారుతున్నయి. నాకు ఒకటే సమజైతలేదు స్వరూపా, లిస్టు లెక్కన వీళ్ళందరు పోయిన మంగళవారమే పైకి పోయొచ్చిన్రు. నీ తెర మీదనే చూసిన. ఎండ తిన్న మనుషులు ఇట్లెట్లయితరు?"

జంగుబాయి పళ్ళు బిగబట్టి పడుకుని ఉంది. ఓదెలు చెప్పిన ముసలామె ఆమేనని పక్కనే పడి ఉన్న ఇనుప చువ్వ చూశాక తెలిసింది. ఊతకర్ర లేక దాన్ని పట్టుకుని నడిచేదట.

కట్టు గుడ్డ ఒక కొస పట్టుకున్నాను.

అదే బుధవారం, తర్వాత

రాజేశమన్న దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. అతను తలుపు మూశాడు.

"ఇప్పుడు అందరి ముంగట వెడితే ఏమైతదో తెలుసా? మంది కేజ్ కాడ కొట్టుకుంటరు. నువ్వు మెల్లమెల్లగ తేదీలు మార్చు. ఇయ్యాల నలుగురికి, రేపు నలుగురికి. ఎవలకు తెల్వకుంట సర్దుకపోతది."

"మెల్లగ జేస్తే ఇంకెన్ని ఎముకలు ఇరుగుతయన్నా?"

"నీ బిడ్డ గురించన్న ఆలోచన జెయ్యి."

"దాని గురించి ఆలోచన చేసే ఇంతదూరం తెచ్చిన."

అతను నా వైపు జాలిగా చూశాడు. నాకు ఆ జాలి కావాలనిపించింది. అందుకే భయమేసింది.

గురువారం

మధ్యాహ్నం భోజనాలప్పుడు, అందరూ కంచాల ముందు ఉన్నప్పుడు, బల్ల మీదికి ఎక్కి చెప్పాను. గొలుసులో ఎక్కడ తెగిందో, ఎవరు జారిపోయారో, మనకు వంతులు ఎందుకు త్వరగా వచ్చాయో. తర్వాత అబద్ధం తేదీల సంగతి. ఆ భాగం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అందరూ ఒకేసారి అందుకున్నారు. నా కంచంలో బెల్లం వేసినామె లేచి, "అంటే ఇగ మా పిల్లలకు ఎండ బందా? వాళ్ళెవలో అడివిల నుంచి వస్తే మేమెందుకు ఆగాలె?" అని అరిచింది. ఇంకెవరో కంచం విసిరారు. నాకు తగల్లేదు.

హాలు చివర భీంరావు నిలబడి ఉన్నాడు. అతను అరవలేదు. నడిచి వచ్చి నా ముందు ఆగాడు.

"ఆ దినం నీ తెర నాకు కనవడకుంట జరిగి కూసున్నవు. నేను సూసిన. మిషను చిక్కంటే నమ్మిన. నీకు దండం వెట్టిన."

"అవునన్నా."

"పుట్టగొడుగులు తిన్నవా?"

"తినలేదు."

"తినుంటే బాగుండు" అన్నాడు. అది ఏ అర్థంతో అన్నాడో ఇప్పటికీ తెలియదు.

గొడవ సాయంత్రందాకా సాగింది. చివరికి తబస్సుమ్ బల్ల ఎక్కి, విరిగిన ఎముక సంగతీ పడుకున్నవాళ్ళ సంగతీ చెప్పింది. వద్దన్నవాళ్ళు వద్దంటూనే ఉన్నారు గానీ, కమిటీ చేతులెత్తించినప్పుడు ఎక్కువ చేతులు లేచాయి. అట్టడుగు గ్యాలరీ అంతా ఎండ చూసేదాకా మిగతావాళ్ళ వంతులు ఆపాలని.

ప్రోగ్రాం పని నా దగ్గర్నుంచి తీసెయ్యమని నేనే అడిగాను. రాజేశమన్న ఒప్పుకోలేదు. "ఇంకెవలకొస్తది? నువ్వే చెయ్యి. కానీ ఇగ నుంచి నువ్వు చేసింది ఇంకొకలు చూడంది నడువది" అన్నాడు. ఆ ఇంకొకరుగా తబస్సుమ్ కూర్చుంటానంది.

శనివారం

రిజిస్టర్లో పేర్లు ఉన్నాయి గానీ నిజం తేదీలు లేవు. అవి మనుషుల దగ్గరే ఉన్నాయి. దిగి ఒక్కొక్కరినీ అడిగాను.

తేదీ ఎవరికీ తెలియదు. "మా పిల్ల పాలు మరిచిన దినం" అంది ఒకామె. "అన్న సచ్చిపోయినంక మూడొద్దులకు" అన్నాడు ఒకతను. ఒకాయన ఎంత అడిగినా ముఖం గోడకు తిప్పుకునే ఉన్నాడు. అతని భార్య చెప్పింది. ఒక్కొక్కటీ పట్టుకుని, పాత షిఫ్టు కాయితాలతో సరిచూసి, తేదీ తేల్చాను. కొందరికి తేలలేదు. వాళ్ళవి అందరికంటే పాతవిగా వేశాను. తబస్సుమ్ చూసి సరేనంది.

సాయంత్రం గొలుసు మొదటి కొన నుంచి ఆఖరు మనిషిదాకా ఇద్దరం కలిసి పైకి చదివాం. అందరూ ఉన్నారు.

సోమవారం

మొదటి గంట అట్టడుగున మోగింది. నేను కేజ్ దగ్గర నిలబడి ఓదెలుతో కలిసి పేర్లు పిలిచాను. ఆఖరు కేజ్ ఎక్కేటప్పుడు భీంరావు నన్ను పిలిచాడు.

"నువ్వూ రా."

"నా వంతు కాదన్నా."

"ఎండకు కాదు. సూసేటందుకు రా. లోపట లైటు ఎలుగుల ఏం కనవడ్తది నీకు?"

వెళ్ళాను.

ఓదెలూ ఇంకో ముగ్గురూ జంగుబాయిని మంచంతో సహా ఎత్తి ఆరుబయట దించారు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నేల మీద కూర్చుని ప్యాంట్లు, చీరెలు మోకాళ్ళ పైకి లాక్కున్నారు. అప్పుడు చూశాను. భీంరావు చెప్పింది నిజమే, కింద నాకు కనపడలేదు. కాళ్ళు తెల్లగా, పాలిపోయి, కొందరివి విల్లులా వంగి ఉన్నాయి. పూర్ణ ఈడు పిల్లల్లో పూర్ణకంటే బాగా కాళ్ళు వంగినవాళ్ళున్నారు. ఒక్కొక్కరి పేరూ నాకు తెలుసు. రెండుసార్లు నా వేళ్ళతో కొట్టాను.

జంగుబాయి కళ్ళు తెరవలేకపోయింది. వెలుతురు చూసి ఎన్నాళ్ళో అయింది, నీళ్ళు కారుతున్నాయి. కాళ్ళకు ఎండ కావాలి, ముఖానికి నీడ కావాలి. కప్పడానికి చేతిలో గుడ్డ లేదు. నేను మంచం తల వైపు, సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాను. నా పొడుగాటి నీడ ఆమె ముఖం మీద పడింది. మెల్లగా కళ్ళు తెరిచి పైకి చూసింది.

"ఎవలమ్మా నువ్వు?"

"నేను స్వరూపను. వంతుల మిషను నాదే. నీ పేరు పోగొట్టింది నేనే. తెలిసినంక దాచిపెట్టింది కూడ నేనే."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏదో అంటుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది, పోనీలే అంటే బాగుండుననీ అనిపించింది. వీపు మీద ఎండ ఎక్కుతోంది.

"జరంత అవుతలికి జరుగు" అంది జంగుబాయి. "కాళ్ళ మీద నీడ వడుతున్నది."

జరిగాను.